కోస్తా వానల్లో ఎడారి మొక్క: కుండీలో అడీనియం పెంపకంపై నా అనుభవం

కడియపులంక దగ్గర జాతీయ రహదారికి ఇరుపక్కలా ఉన్న నర్సరీల్లో అడీనియం మొక్కలు బారులుగా పెట్టి ఉంటాయి. చాలామంది పూల రంగు చూసి బేరమాడతారు గానీ, ఈ మొక్కలో చూడవలసింది నేలకు ఆనుకుని ఉబ్బి ఉండే మొదలును. మొక్క నీటిని దాచుకునేది అక్కడే. నేను ఎంచుకున్నది ముదురు ఎరుపు ముద్దపూలు పూసే అంటు మొక్క. మొదలును వేళ్లతో నొక్కి గట్టిగా ఉందని, అంటు కట్టిన చోట బీటలు లేవని చూసుకున్న తరువాతే విజయవాడలోని మా డాబా మీదికి తెచ్చుకున్నాను.

దీని సొంత గడ్డ సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం, తూర్పు ఆఫ్రికా, అరేబియా. కుటుంబం మాత్రం మనకు బాగా తెలిసినదే: గన్నేరు, నందివర్ధనం, జిల్లేడు అన్నీ దీని చుట్టాలే. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు పీటర్ ఫోర్స్కాల్ అరేబియా యాత్రలో రాసుకున్న వివరాలు ఆయన మరణానంతరం 1775లో అచ్చయినప్పుడు, ఈ మొక్క గన్నేరు ప్రజాతిలోనే చేరిందంటే పోలిక ఎంత దగ్గరిదో ఊహించవచ్చు. పాలు కూడా గన్నేరు పాలలాగే విషం. ఆఫ్రికాలో వేటగాళ్లు వాటిని బాణాల మొనలకు పూసేవారు. అందుకే కొమ్మ కత్తిరించినా, వేరు తాకినా చేతికి తొడుగు ఉండాలి, ఆ చెయ్యి కంటి దగ్గరికి వెళ్లకూడదు. పసిపిల్లలు పాకే ఇంట్లో ఈ కుండీని అందకుండా ఎత్తుమీద పెట్టడమే మేలు.

నర్సరీ సంచిలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒండ్రుమట్టి కలిపి కూరి ఉన్నాయి. రోజూ పదిమంది చేతులు మారే మొక్క వాడిపోకుండా ఉండటానికి వాళ్లకు ఆ మట్టి అనుకూలమే కావచ్చు. మన కుండీలో వానాకాలం దాటాలంటే మాత్రం అది పనికిరాదు. చలి తగ్గి చిగుళ్లు కదిలే ఫిబ్రవరి చివరి దాకా ఆగి, కొన్నాళ్లు నీళ్లు ఆపి, మట్టి పొడిబారాక సంచి కోసి మొక్కను బయటికి తీశాను. మెత్తని బ్రష్‌తో మట్టి దులిపి, నలిగిన సన్నవేళ్లను కత్తిరించి, గాయాలకు బూజు పట్టకుండా కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందు పొడి అద్ది, వేళ్లు కిందికి వేలాడేలా నీడలో కట్టి ఉంచాను. కోసిన చోట పాలు గడ్డకట్టి, గోటితో గీరినా తడి తగలనంతవరకు దాన్ని మట్టిలో పెట్టలేదు.

మట్టి మిశ్రమంలో సగం కడిగిన ముతక ఇసుక, శనగగింజంత ఇటుక ముక్కలు. పావు వంతు వర్మీకంపోస్టు. మిగతాది పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు, ఊక బూడిద, గుప్పెడు వేపపిండి. గోడల పూతకు వాడే సన్న ఇసుక వేస్తే అది బిగుసుకుపోయి నీటిని పట్టేస్తుంది. కుండీ వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న మట్టిది. అడుగున చిల్లులు పెద్దవి. మునుపటికంటే అంగుళం ఎత్తున మొదలు పైకి కనిపించేలా నాటి, వారం దాటాకే మొదటి నీళ్లు పోశాను.

ఎడారి మొక్కకు నీళ్లెందుకన్న మాట నాకు నచ్చదు. ఏప్రిల్, మే నెలల్లో, డాబా మీద అడుగు పెట్టలేని ఎండలో, మా మొక్కకు దాదాపు రోజూ పొద్దున్నే నీళ్లు పోశాను, అదీ అడుగు చిల్లుల నుంచి కారేదాకా. ఆ ఎండలోనే అది కొమ్మకొమ్మకూ విరగబూసింది. నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తే కొమ్మలు సాగి పూలు తగ్గుతాయి కనుక ఆ జోలికి పోలేదు. అంటుకు కింద మొదలు నుంచి వచ్చే చిగుళ్లను మాత్రం ఎప్పటికప్పుడు గిల్లేయాలి. వదిలేస్తే అవే బలిసి పై కొమ్మను అణిచేసి, కొన్న రంగుకు బదులు నాటు రంగు రేకపూలు పూస్తాయి.

అసలు పరీక్ష జూలై నుంచి నవంబరు దాకా. కుండీని ఇటుకల మీదికి ఎత్తి, పైన పారదర్శకమైన రేకు కట్టించాను. అయినా బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి ఏటవాలు జల్లు ఆగకుండా కొట్టినప్పుడు మొదలులో ఒక పక్క మెత్తబడింది. ఇక్కడ తొందరపడకూడదు, ఎందుకంటే మెత్తదనం రెండు రకాలు. మట్టి ఎండిపోయి, మొదలు అన్ని వైపులా సమంగా వడలినట్లుంటే అది దాహం. తడి మట్టిలో ఒక్కచోట మాత్రమే బొటనవేలు దిగబడి, ఆకులు పసుపు తిరిగి రాలుతుంటే అది కుళ్లు. దాహాన్ని కుళ్లనుకున్నా, కుళ్లును దాహమనుకుని నీళ్లు పోసినా మొక్క దక్కదు. మాది రెండోది. మొక్కను పెకలించి, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో గోధుమరంగు కండను పొరపొరగా కోస్తూ పోయాను. ప్రతి కోతకూ కత్తిని మళ్లీ తుడిచి, తెల్లటి గట్టి కండ వచ్చి పాలు చిమ్మేదాకా ఆగలేదు. పొడి అద్ది, గాలి ఆడే నీడలో ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాటాను. కోసిన చోట పడిన పల్లం ఇప్పటికీ ఉంది, అంచులు మాత్రం బెరడు కట్టాయి.

పురుగుల్లో పిండినల్లికి సబ్బు కలిపిన వేపనూనె పిచికారీ సరిపోయింది. గన్నేరును తినే పెద్ద ఆకుపచ్చ గొంగళి మాత్రం చూసినవారు మరిచిపోరు: వేలెడు పొడవు, తల వెనుక కళ్లలాంటి రెండు నీలి మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము. ఇంత విషపు ఆకును అది ఒక్క రాత్రిలో ఈనెలదాకా తినేయగలదు. మందుకంటే చేత్తో ఏరడమే నయం. కింద నల్లటి గింజల్లా రెట్టలు కనిపిస్తే పైన వెతకాలి.

డిసెంబరులో ఆకులు కొంత రాలాయి. మా ఊరి చలి దాన్ని పూర్తిగా నిద్రపుచ్చేంతది కాదు కనుక నీళ్లు బాగా తగ్గించానే తప్ప ఆపలేదు. మళ్లీ ఫిబ్రవరిలో కొమ్మలను మూడింట రెండు వంతులు కత్తిరిస్తే ఒక్కో కొమ్మకు రెండు మూడు చిగుళ్లు వచ్చాయి. కత్తిరించిన ముక్కలను ఆరబెట్టి ఇసుకలో గుచ్చితే వేళ్లు పడతాయి, పూస్తాయి కూడా. గింజ నుంచి మొలిచిన మొక్కకు వచ్చినంత ఉబ్బెత్తు మొదలు మాత్రం వాటికి రాదు. ఈ సంగతి ముందే చెప్పినా, పక్కింటి పిన్నిగారు పూలుంటే చాలంటూ నాలుగు ముక్కలు పట్టుకెళ్లారు.