కుక్కర్ రబ్బరు చేసిన నిర్వాకం

కాకినాడలో నేను పనిచేసే, కణితి ముక్కల్ని పరీక్షించే ల్యాబ్‌లో ప్రెషర్ కుక్కర్ ఉందంటే మా అత్తయ్యకి నవ్వు. "మాంసం ఉడకేస్తారా ఏంటే?" అంటారు. ఒకరకంగా అంతే మరి. ముక్క కుళ్లిపోకుండా వేసే ఫార్మలిన్‌లో నానాక అందులోని ప్రొటీన్లు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. సిట్రేట్ బఫర్‌లో స్లైడ్లని ఉడికిస్తే ఆ ముడులు వదులై, మేం వెతికే ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ వెళ్లి అతుక్కుంటుంది. అతుక్కున్నచోట చివరికి గోధుమరంగు తేలుతుంది, మిగతాచోట నీలమే.

ఆ మధ్య వానల్లో కోనసీమ నుంచి ఒక గడ్డ వచ్చింది. చెవి కింద, పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోది. గవదబిళ్ళలనుకుని పసుపు పట్టు వేస్తూ చాన్నాళ్లు గడిపేశారట. మామూలు గులాబీ, నీలం రంగుల్లో చూసి మా డాక్టర్ మేడమ్ రెండు పేర్లు చెప్పారు: ఎసినిక్ సెల్ కార్సినోమా, కాకపోతే సెక్రీటరీ కార్సినోమా. రెండూ క్యాన్సర్లే. లాలాజల గ్రంథుల్లో ఈ రెండోదాన్ని వేరే జబ్బుగా వర్ణించిందే 2010లో. అంతకుముందు ఇలాంటివి చాలావరకు మొదటిదాని ఖాతాలోనే పడేవి.

ఎస్-100, మామాగ్లోబిన్ అనే ప్రొటీన్లు రెండూ ముదురు గోధుమరంగులో వచ్చాయి. సెక్రీటరీ వైపే మొగ్గు. మిగిలింది డాగ్-1 అనే ప్రొటీన్. ఎసినిక్ అయితే రంగు వస్తుంది, సెక్రీటరీ అయితే మామూలుగా రాదు. నాకు టెన్షన్ ఇక్కడే. రంగు వస్తే వచ్చిందని చూపించొచ్చు. రాకపోతే? కణితిలో అది లేనట్టా, నాకు రప్పించడం చేతకానట్టా?

రాలేదు. మేడమ్ స్లైడ్‌ని అంచుకి జరిపారు. అక్కడ కణితి పక్కనే మంచి గ్రంథి ఓ పిసరు మిగిలుంది. లాలాజలం ఊరే ఆ గుత్తుల మధ్య డాగ్-1 సన్నటి గీతలా కనపడాలి.

"ఏమ్మా, ఇక్కడా నీలమేనా? కంట్రోల్ స్లైడ్ ఏది?"

పెట్టలేదు. రంగు తప్పకుండా రావాల్సిన ముక్కతో, పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకునే స్లైడ్ అది. ఆ ముక్కున్న మైనపు బ్లాక్ అరిగిపోవచ్చిందని పొదుపు చేశాను. ఇలాంటి పొదుపు ఇంకెప్పుడూ చెయ్యలేదు లెండి.

వెళ్లి చూస్తే కుక్కర్ రబ్బరు సాగిపోయి ఆవిరంతా పక్కనుంచి పోతోంది. వాన హోరులో విజిల్ రాని సంగతే పట్టించుకోలేదు నేను. స్టీలు సామాన్ల కొట్లో కొత్త రబ్బరు కొని, మర్నాడు మళ్లీ చేశాను. ఈసారి మంచి గ్రంథిలో పెన్సిల్‌తో గీసినట్టు గోధుమ గీతలు. కణితిలో ఏమీ లేదు.

అప్పుడు కణితి ముక్కున్న బ్లాక్‌ని జన్యు పరీక్షకి బయటికి పంపారు. ఈటీవీ6, ఎన్‌టీఆర్‌కే3 అనే రెండు జన్యువులు అతుక్కుని ఉన్నాయని తేలింది. రేపు జబ్బు పాకినా, ఆ అతుకు మీద పనిచేసే లారోట్రెక్టినిబ్ లాంటి మందులున్నాయి.

అత్తయ్యకి ఇదంతా చెబితే చివరిదాకా విని, "మన కుక్కర్‌కి కూడా ఓ రబ్బరు తేకపోయావా" అన్నారు.