కంగారూల వెంట మూడు శనివారాలు

2025 అక్టోబర్ డ్యూటీ చార్ట్ వేయకముందే మా ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి వెళ్ళి మూడు శనివారాలు సెలవు అడిగాను. అక్టోబర్ 25, నవంబర్ 1, నవంబర్ 8. ఇంట్లో పెళ్ళేమైనా ఉందా అంది. లేదు, కంగారూలు వస్తున్నారు, మూడు మ్యాచ్‌లూ చూడాలి అని చెప్పాను. ఆవిడది హల్, రగ్బీ లీగ్ ఊరు. ఇంకో మాట అడగకుండా రాసేసుకుంది.

కంగారూలంటే ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ జాతీయ జట్టు. ఇంగ్లండ్‌తో, అంతకుముందు బ్రిటన్ జట్టుతో, వాళ్ళాడే సిరీస్‌ని కూడా యాషెస్ అనే అంటారు, క్రికెట్ యాషెస్‌తో పేరు తప్ప ఇంకేం సంబంధం లేదు. దీనికి ముందు జరిగింది 2003లో. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు 2025లో 22 ఏళ్లు, వాళ్ళెవరూ తమ ఊళ్ళో ఒక్క యాషెస్ కూడా చూడలేదు.

నేను లీడ్స్‌లో నాలుగేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరి అక్కడే రిటైరయ్యాడు. నాకు ఈ ఆట పరిచయం చేసింది మా పక్కింటి పెద్దాయన. ఆయనది ఫెదర్‌స్టోన్ అనే చిన్న ఊరు, కెల్లింగ్లీ గనిలో పనిచేశాడు. 2015 డిసెంబర్ 18న మూతపడిన ఆ గనితోనే బ్రిటన్‌లో లోతు బొగ్గు గనుల కథ ముగిసింది. ఒకసారి గోడ అవతల నుంచి మాట్లాడుతూ మా బాపుది బాయి పని అని చెప్పాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కింద చూపించాడు. చర్మం లోపల సన్నగా నీలం గీతలు. దెబ్బ తగిలినప్పుడు గాయంలోకి బొగ్గు పొడి పోయి అలాగే మానిపోతే పడే గీతలు అవి. బాపు కుడిచేతి మీద అచ్చం అలాంటివే రెండున్నాయి, చిన్నప్పుడు వేలుతో రాసి పోతాయేమో అని చూసేదాన్ని. ఆ రోజు నుంచి ఆయన నాకు పరాయివాడు కాదు. ఇక్కడి పెద్దవాళ్ళు తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ 'లవ్' అని పిలుస్తారు, మన దగ్గర 'బిడ్డా' అన్నట్టు. ఆయనా అలాగే పిలుస్తాడు.

జెడ్పీ స్కూల్లో కబడ్డీ ఆడినదాన్ని కాబట్టి ఆట నాకు తొందరగానే పట్టుబడింది. జట్టుకు 13 మంది. బంతి పట్టుకుని ముందుకు ఉరకాలి, చేత్తో అందిస్తే మాత్రం పక్కకో వెనక్కో అందించాలి. అవతలి వాళ్ళు పట్టి పడేస్తారు. పడ్డవాడు లేచి నిలబడి, బంతిని కాళ్ళ ముందు నేల మీద పెట్టి, పాదంతో వెనక్కి తోస్తాడు, మళ్ళీ ఆట మొదలు. ఆరుసార్లు పట్టుబడేలోపు గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని పోల్స్ మధ్య నుంచి దాటిస్తే ఇంకో 2. ఆరు పట్టులూ అయిపోతే బంతి అవతలి వాళ్ళ చేతికి పోతుంది. కూత లేదు, అంతే. ముగ్గురు కలిసి ఒకణ్ణి పట్టేటప్పుడు ఒకరు నడుము, ఒకరు తొడలు, ఇంకొకరు భుజం, మా పీఈటీ సార్ విజిల్ వేసి వేసి నేర్పించిన పట్టు అదే.

మొదటి టెస్ట్ లండన్‌లో, వెంబ్లీలో. ఇది పెద్దాయనకు అస్సలు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. ఈ ఆట ఊపిరంతా ఉత్తరాన ఉంది. విగన్, సెయింట్ హెలెన్స్, వారింగ్టన్, హల్, కాసిల్‌ఫర్డ్, అన్నీ మిల్లుల ఊళ్ళు, గనుల ఊళ్ళు, రేవు ఊళ్ళు. 22 ఏళ్ల తర్వాత యాషెస్ వస్తే ఆ ఊళ్ళ జనం దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణం చేసి రాజధానికి పోయి చూడాలా? అయినా పోయారు. కింగ్స్ క్రాస్ వెళ్ళే మా రైలు పెట్టె నిండా క్లబ్ జెర్సీలే, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. ఎదురు సీటు ముసలావిడ ఇంటి నుంచి తెచ్చిన శాండ్‌విచ్‌లు అందరికీ పంచింది. నేను పులిహోర డబ్బా తీశాను. పెద్దాయన రెండుసార్లు వేయించుకున్నాడు.

స్టేడియం దగ్గర ఒక కంచు విగ్రహం ఉంది, ఐదుగురు రగ్బీ లీగ్ ఆటగాళ్ళు కలిసి నిలబడినట్టు. బిల్లీ బోస్టన్, గస్ రిస్మన్, ఎరిక్ యాష్టన్, అలెక్స్ మర్ఫీ, మార్టిన్ ఆఫియా. పెద్దాయన బోస్టన్ ముందు ఆగి టోపీ తీశాడు. కార్డిఫ్ రేవు వాడల్లో పుట్టి, విగన్ వచ్చి వందల ట్రైలు చేసిన నల్లజాతి మనిషి. 2025 జూన్‌లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు, రగ్బీ లీగ్ ఆటగాళ్ళలో ఆ గౌరవం అందుకున్న మొదటివాడు ఆయనే. ఆటకు నూట ముప్పై ఏళ్లు నిండుతున్నాయి, ఇప్పుడా ఇచ్చేది? ఆ మాట అంటున్నప్పుడు పెద్దాయన గొంతు వణికింది. పక్కనున్న రిస్మన్ 1946లో బ్రిటన్ జట్టు కెప్టెన్. యుద్ధం అప్పుడే అయిపోయింది, మామూలు ఓడల్లో చోటు దొరకలేదు, జట్టు మొత్తాన్ని 'ఇండామిటబుల్' అనే యుద్ధనౌక ఎక్కించి ఆస్ట్రేలియా పంపారు. వారాల తరబడి సముద్రం మీద ఉండి, అక్కడ దిగి, ఒక్క టెస్ట్ కూడా ఓడకుండా తిరిగొచ్చారు.

ఇక మ్యాచ్. 60,812 మంది వచ్చారు. ఆకుపచ్చ జెర్సీ, ఛాతీ మీద రెండు బంగారు రంగు 'వి' గీతలు, కంగారూలు సొరంగంలోంచి వస్తుంటే ఇంగ్లండ్ అభిమానులు కూడా లేచి నిలబడ్డారు. కెప్టెన్ ఐజయా యో, కోచ్ కెవిన్ వాల్టర్స్. నేను వీడియోల్లోనే చూసిన రీస్ వాల్ష్ ఇప్పుడు కళ్ళ ముందు. ఫుల్‌బ్యాక్ అంటే అందరికంటే వెనకాల ఉండేవాడు, కానీ ఈ కుర్రాడు వెనకాల ఉన్నట్టే ఉండి ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ తేలతాడు. టీవీలో తెలియనిది ఒకటుంది, బంతి చేతికి రాకముందే వాడి కాళ్ళు పరుగు అందుకుంటాయి. రెండు ట్రైలు చేశాడు, ఆంగస్ క్రైటన్ కూడా రెండు చేశాడు. ఇంగ్లండ్‌కు చివర్లో డారిల్ క్లార్క్ ఒకటి చేశాడు. 26–6. తిరుగు రైలు ఒకటి రద్దయింది, ప్లాట్‌ఫాం మీద గంటన్నర చలిలో నిలబడ్డాం. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

రెండో వారం లివర్‌పూల్. ఈసారి పెద్దాయన కారులో వెళ్ళాం. పొద్దున్నే బయల్దేరదాం, దారిలో ఒకచోట ఆగాలి అన్నాడు. ఆగింది హడర్స్‌ఫీల్డ్‌లో. రైల్వే స్టేషన్ ముందు పెద్ద పెద్ద రాతి స్తంభాలు, చౌరస్తాలో మాజీ ప్రధాని హెరాల్డ్ విల్సన్ విగ్రహం, ఆ పక్కనే జార్జ్ హోటల్. 2013లో మూతపడింది. చూడ్డానికి పాత రాతి కట్టడం, అంతే. కానీ 1895 ఆగస్టు 29న ఉత్తరాది క్లబ్బుల వాళ్ళు ఇక్కడే కూర్చుని రగ్బీ యూనియన్ నుంచి విడిపోయారు, రగ్బీ లీగ్ పుట్టింది అలాగే.

గొడవ ఎక్కడొచ్చిందో పెద్దాయన చెబుతుంటే నాకు మా కాలనీలో కూర్చుని వింటున్నట్టే అనిపించింది. ఆటగాళ్ళంతా గనుల్లో, మిల్లుల్లో కూలీలు. శనివారం కూడా పని ఉండేది. మ్యాచ్‌కు పోతే నాగా, నాగా పడితే ఆ రోజు కూలి పాయె. ఆ పోయిన కూలి రోజుకు 6 షిల్లింగులు క్లబ్ ఇస్తుంది అంటే, డబ్బు తీసుకుని ఆడితే అది ఆటే కాదని లండన్ పెద్దలు ఒప్పుకోలేదు. వాళ్ళకు భూములున్నాయి, కొలువులున్నాయి, శనివారం ఆడినంత మాత్రాన ఇంట్లో పొయ్యి ఆరిపోదు. సింగరేణిలో నాగా అనే మాట ఎంత బరువో ఆ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు తెలుసు. జీతం రోజు అమ్మ మొదట అడిగేది 'ఎన్ని నాగాలు పడ్డయ్' అనే. నేను అక్కడే నిలబడి బాపుకి వీడియో కాల్ చేసి హోటల్ చూపించి ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "నాగా పైసల కోసం పార్టీ వేరు పడ్డరన్నమాట" అన్నాడు. పెద్దాయనకు ఇంగ్లిష్‌లో చెప్పాను. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు అని ఫోన్లోకి చెయ్యి ఊపాడు.

2003 చివరి టెస్ట్ కూడా ఈ ఊళ్ళోనే జరిగింది, పెద్దాయన ఉన్నాడు. నవంబర్ 22. అదే రోజు సిడ్నీలో ఇంగ్లండ్ ఆ ఇంకో రగ్బీ, అంటే 15 మంది ఆడే రగ్బీ యూనియన్, ప్రపంచకప్ గెలిచింది, దేశం దేశమంతా దాని సంబరంలో ఉంది. ఇక్కడ బ్రిటన్ 18–12తో ఓడింది, సిరీస్ 3–0. పేపర్లలో ఎవరికి కనిపిస్తుంది ఆ ఓటమి!

లివర్‌పూల్ మ్యాచ్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. శాండ్‌హిల్స్ స్టేషన్‌లో దిగి, పాత రేవు గోడల పక్కన నడిచి ఎవర్టన్ వాళ్ళ కొత్త స్టేడియం చేరాం. నదీ గాలి ఎముకల్లోకి పోతోంది. 52 వేల మందికి పైగా జనం, ఇంగ్లండ్ ఈసారి గట్టిగానే నిలబడింది, పట్టులు బాగున్నాయి, మన దగ్గర పట్టు ఉంది గానీ కూత లేదు అన్నట్టు బంతి చేతికొచ్చాక ఏం చేయాలో తోచలేదు వాళ్ళకు. రెండో సగంలో కామరన్ మన్‌స్టర్, హడ్సన్ యంగ్ వెంటవెంటనే ట్రైలు చేసేశారు. 14–4. సిరీస్ పోయింది.

సిరీస్ పోయాక మూడో మ్యాచ్ ఎవరు చూస్తారు అని మా హాస్టల్‌మేట్ ఒకామె అడిగింది. నాకు మాత్రం మూడింటిలో ఇదే ముఖ్యం, ఎందుకంటే ఇది మా లీడ్స్‌లోని హెడింగ్లీ. జూన్‌లో ఇండియా టెస్ట్ చూసింది ఇక్కడే, పంత్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టాడు, అయినా ఇంగ్లండ్ 371 ఛేజ్ చేసేసింది. ఆ క్రికెట్ గ్రౌండ్‌కీ రగ్బీ గ్రౌండ్‌కీ మధ్య స్టాండ్ ఒక్కటే. అటు కూర్చుంటే క్రికెట్, ఇటు కూర్చుంటే రగ్బీ. జూన్ అంతా మన తెలుగువాళ్ళతో నిండిన చోటికి అవతలి వైపు నవంబర్‌లో నేనొక్కదాన్నే తెలుగు మనిషిని. యుద్ధాల్లో పోయినవాళ్ళ జ్ఞాపకంగా కోట్లకు కాగితం గసగసాల పువ్వులు పెట్టుకున్న జనం మధ్యలో, నిలబడి చూసే సౌత్ స్టాండ్‌లో.

ఇక్కడ రాబ్ బరో పేరు తలవకుండా ఎవరూ ఉండరు. 5 అడుగుల 5 అంగుళాల మనిషి, లీడ్స్‌కు 8 గ్రాండ్ ఫైనల్స్ గెలిపించిన జట్టులో 7వ నంబర్. మోటార్ న్యూరాన్ జబ్బుతో 2024 జూన్‌లో పోయాడు. అంతకుముందు ఏడాది లీడ్స్ మారథాన్‌లో ఆయన్ని కుర్చీలో తోసుకుంటూ పరిగెత్తిన మిత్రుడు కెవిన్ సిన్‌ఫీల్డ్, చివర్లో చేతుల్లో ఎత్తుకుని గీత దాటించాడు. ఆ జబ్బు మనిషిని ఎలా కట్టేస్తుందో వార్డులో చూసినదాన్ని. ఆ వీడియో ఇప్పటికీ పూర్తిగా చూడలేను.

ఇరవై వేల మంది కూడా పట్టని గ్రౌండ్ ఇది, అందుకే ఆట మీద పడినంత దగ్గరగా ఉంటుంది. వెంబ్లీలో వినిపించనివి ఇక్కడ వినిపించాయి. ఛాతీకి భుజం తగిలిన చప్పుడు, పడ్డవాడి ఊపిరి 'హుక్' అని బయటికి రావడం, హ్యారీ గ్రాంట్ లేస్తూనే పక్కవాళ్ళను కేకేయడం. మా ముందే గీత దగ్గర ఒక ఆస్ట్రేలియా ఆటగాడు ముగ్గురి కింద పడ్డాడు. లేచేసరికి చెవి దగ్గర రక్తం, మోకాళ్ళకు గడ్డి. బంతిని మాత్రం పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా నేల మీద పెట్టి పాదంతో వెనక్కి తోశాడు. 80 నిమిషాల్లో ఆ పని ఎన్నిసార్లు చేస్తారో లెక్కలేదు. ఒక్కసారి కూడా విసుగు కనిపించలేదు వాళ్ళలో. ఇంగ్లండ్‌కీ వాళ్ళకీ తేడా అక్కడే ఉందనిపించింది నాకు. 30–8. మూడుకు మూడు.

విజిల్ తర్వాత కంగారూలు కప్పు పట్టుకుని గ్రౌండ్ చుట్టూ నడిచారు. సౌత్ స్టాండ్ జనం చప్పట్లు కొట్టారు, ఓడిన బాధ మొహాల్లో అలాగే ఉంది, చప్పట్లు మాత్రం ఆపలేదు. పెద్దాయన నెమ్మదిగా అన్నాడు, "రేపు వెళ్ళిపోతారు. మా రోజుల్లో అయితే ఇంకో నెల ఉండేవాళ్ళు, మంగళవారం ఒక ఊరు, బుధవారం ఒక ఊరు". 1908లో వచ్చిన మొదటి కంగారూలు నెలల తరబడి ఉండి 40కి పైగా మ్యాచ్‌లు ఆడి వెళ్ళారు. ఇప్పుడు మూడు శనివారాలు, మూడు మ్యాచ్‌లు. వారం మధ్యలో ఫెదర్‌స్టోన్ లాంటి ఊళ్ళో ఒక్క మ్యాచ్ పెట్టినా, అక్కడి బడిపిల్లలు జీవితమంతా చెప్పుకునేవాళ్ళు.

రాత్రి వాళ్ళింట్లో టీ తాగుతుంటే లోపల్నుంచి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చాడు. అడుగున 1982 అక్టోబర్ 30 నాటి మ్యాచ్ పుస్తకం, అంచులు పసుపు పడ్డాయి. హల్‌లో బూత్‌ఫెరీ పార్క్, మొదటి టెస్ట్. ఆ టూర్‌లో ఆడిన ప్రతి మ్యాచ్ గెలిచిన జట్టు అది, మ్యాక్స్ క్రిలిచ్ కెప్టెన్, మాల్ మెనింగా అప్పటికి కుర్రాడు. 40–4తో బ్రిటన్ ఓడింది. రాత్రి షిఫ్ట్ దిగి నిద్ర లేకుండా వాళ్ళ నాన్నతో కలిసి బస్సులో వెళ్ళాడట.

"నాగా పడిందా?" అని అడిగాను. ఈ నెల రోజుల్లో ఆ మాట నేర్చుకున్నాడు.

"నాకు పడలేదు, మా నాన్నకు పడింది" అని హెడింగ్లీ పుస్తకాన్ని దాని మీద పెట్టి మూత వేశాడు.