రిజిస్టరులో ఖాళీ గడి

ఈ ఉదయం పాలు పితికే ముందు తొలి ధారలు నల్లటి కప్పులో పట్టి చూస్తే, 47వ నంబరు ఆవు కుడి వెనక చన్ను నుంచి సన్నని ముక్కలు పడ్డాయి, పొదుగువాపు గుర్తు. పొదుగు వేడిగా లేదు, గట్టిపడలేదు. ఆవు మేత కూడా మామూలుగానే తింటోంది. "అక్కా, ఇంత చిన్నదానికి కూడా రిజిస్టరులో రాయాలా?" అని అడిగాడు పాలు పితికే అబ్బాయి. రాయమన్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మధ్యాహ్నం పాత రిజిస్టర్లన్నీ తీసి కూర్చున్నాను.

మొదట గుండె జారిపోయింది. గత రెండేళ్లలో పొదుగువాపు కేసులు అంతకు ముందుకంటే దాదాపు రెట్టింపు. పాక శుభ్రతలో ఎక్కడ తప్పాను? మళ్లీ ఒక్కో వరుసా చదివాను. పెరిగినవన్నీ తేలికపాటివే. పశువైద్యుడు వచ్చి మందు వేయవలసినంత తీవ్రమైనవి పెరగలేదు. పాల నమూనాల్లో సోమాటిక్ కణాలు (పొదుగులో వాపు ఉంటే పెరిగే కణాలు) మిల్లీలీటరుకు 2 లక్షలు దాటే ఆవులు నిజానికి తగ్గాయి. ఈ అబ్బాయి పనిలో చేరి రెండేళ్లయింది, అప్పటి నుంచే తేలికపాటివీ రాస్తున్నాం. అంతకు ముందు మందు వేస్తేనే రాసేవాళ్లం. వేయకపోతే గడి ఖాళీ. ఆ ఖాళీని ఇన్నాళ్లూ ఆరోగ్యం అనుకున్నాను.

లెక్క కట్టే తీరులోనూ పొరపాట్లు కనబడ్డాయి. ఒకే చన్నుకు వారం తిరక్కుండా రెండుసార్లు మందు వేస్తే రెండు కేసులుగా రాశాను. అదే చన్నుకు 14 రోజుల లోపు మళ్లీ వస్తే పాత కేసు కిందే కలిపి మళ్లీ లెక్కపెట్టాను. మంద పెద్దదయింది కాబట్టి కేసుల మొత్తం చూస్తే సరిపోదు. పాడిలో ఉన్న ఆవులు ఎన్ని, ఎన్ని రోజులు ఉన్నాయో దానితో భాగించాలి. పాలజ్వరం (ఈనిన ఆవు రక్తంలో కాల్షియం పడిపోయి వచ్చే జబ్బు) సంగతి ఇంకా కష్టం. అది ఎక్కువగా ఈనిన మొదటి రెండు మూడు రోజుల్లోనే వస్తుంది, మూడో ఈత దాటిన ఆవులకు మరీ ఎక్కువ. మా మందలో ఏడాదికి అలాంటి ఈతలు కొన్నే. ఒక ఏడాది రెండు వచ్చి మరుసటి ఏడాది ఒక్కటీ రాకపోతే, అది మేత మార్చిన ఫలితమో కేవలం యాదృచ్ఛికమో ఎలా చెప్పగలం? చాలా ఏళ్ల రాత ఉంటే తప్ప తెలియదు.

నార్వే వాళ్ల పట్టుదల తలచుకుంటే నాకు ఎప్పుడూ గౌరవమే. 1975 నుంచి దేశమంతటా ఆవుల జబ్బులు, చికిత్సలు నమోదు చేస్తున్నారు. 1978 నుంచి కోడెల ఎంపికలో వాటి కూతుళ్ల పొదుగువాపు రికార్డులనూ లెక్కలోకి తీసుకున్నారు. ఈ జబ్బును తట్టుకునే గుణం తల్లిదండ్రుల నుంచి వచ్చేది చాలా స్వల్పం. అందుకే ఒక్కో కోడెకు వందలాది కూతుళ్ల వివరాలు కావాలి. ఎన్ని పాకల్లో ఎంతమంది, పని ముగించుకుని అలసిన చేతులతోనే ఆ గడులు నింపి ఉంటారో!

చివరికి 19వ నంబరు ఆవు పేజీ దగ్గర ఆగిపోయాను. నాలుగో ఈతలో అమ్మేశాం. మాటిమాటికీ పొదుగువాపు వచ్చేది, ఎడమ ముందు చన్ను పూర్తిగా పాడయింది. అది వెళ్లిన మరుసటి ఏడాది మా లెక్క చక్కగా తగ్గింది. మంద బాగుపడిందని ఎంత సంతోషించానో గుర్తుంది. జబ్బు తగ్గలేదు, జబ్బుపడ్డ ఆవు వెళ్లిపోయింది, అంతే. అమ్మిన తేదీ ఉంది, ధర ఉంది. 'కారణం' అన్న గడిలో ఏమీ లేదు.

సాయంత్రం 47 పాలలో ముక్కలు తగ్గాయి. "కుడి వెనక, తేలిక" అని అబ్బాయే రాశాడు. నేను పాత రిజిస్టరు తెరిచి 19వ నంబరు గడిలో "పొదుగువాపు" అని రాసి, ఆలస్యంగా రాసినట్టు తెలియడానికి పక్కన ఈ రోజు తేదీ వేశాను.