సోనాపూర్ ఇసుకలో క్రికెట్

గల్ఫ్‌లో క్రికెట్ అనగానే మా జగిత్యాల వైపు ఎవరైనా షార్జా స్టేడియం గురించే అడుగుతారు. 1998 ఏప్రిల్‌లో ఇసుక తుఫాను వచ్చిన మ్యాచ్‌లో సచిన్ కొట్టిన 143 గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ స్టేడియం కట్టించింది అబ్దుల్ రహ్మాన్ బుఖాతిర్ అనే షార్జా వ్యాపారి. కరాచీలో చదువుకునే రోజుల్లో ఆయనకు ఈ ఆట పిచ్చి పట్టింది. డబ్బు ఆయనది, గ్యాలరీల్లో హోరు మాత్రం పొట్టకూటికి వచ్చిన ఇండియా, పాకిస్తాన్ వాళ్లది. వాళ్లే లేకుంటే ఎడారిలో ఆ ఆటను చూసేదెవరు?

నేను ఎక్కువగా చూసింది ఇంకో క్రికెట్. దుబాయ్ ముహైస్నాలోని లేబర్ క్యాంపులను మనవాళ్లంతా సోనాపూర్ అంటారు. క్యాంపు గోడకూ బస్సులు ఆపే జాగాకూ మధ్య కాస్త ఖాళీ నేల ఉంటే చాలు, రాత్రే నీళ్లు చల్లి, పెయింట్ డ్రమ్ము దొర్లించి పిచ్ గట్టిపరుస్తారు. వికెట్లంటే ప్లాస్టిక్ క్రేట్లు. టెన్నిస్ బంతికి కరెంటు పనిలో వాడే టేపు చుడతారు. ఈ విద్య పాకిస్తానోళ్ల దగ్గర నేర్చుకున్నదే. టేపును బిర్రుగా లాగి పట్టి, ముడత పడకుండా పొర మీద పొర వేయాలి. అప్పుడు బంతి బరువెక్కి సర్రున దూసుకొస్తుంది. ఒక పక్క టేపు లేచిపోతే గాలిలోనే వంకర తిరుగుతుంది. మా రూములో ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పర్‌గా చేసే కామారెడ్డి పిల్లగాడు ఇందులో దిట్ట. పఠాన్లు కూడా బంతులు వాడికే తెచ్చిచ్చేవారు.

వాడు బౌలింగూ బాగా వేసేవాడు. సైటులో మాత్రం వాడిని పేరు పెట్టి పిలిచినోడు లేడు. "ఏయ్ హెల్పర్" అనేవారు, లేదంటే హెల్మెట్ మీది నంబరు. మా ఫోర్‌మన్ మలయాళీ, బ్యాటింగ్ అంటే ప్రాణం. ఒక శుక్రవారం మావాడి యార్కర్‌కు ఫోర్‌మన్ వెనక క్రేటు ఎగిరి పడింది. మర్నాడు పొద్దున బస్సు దగ్గర ఆయన వాడిని ఆపి పేరు, ఊరు అడిగాడు. జీతమేం పెరగలేదు, నిచ్చెనలు మోసే పనీ తప్పలేదు. కానీ ఆ రోజు నుంచి పేరుతోనే పిలిచాడు, ఆయన్ను చూసి మిగతావాళ్లూ పిలిచారు. ఆట మనుషుల్ని సమానం చేస్తుందంటే నేను ఒప్పుకోను. గ్రౌండు దాటితే ఎవరి గ్రేడు వారిదే. అయినా నెలల తరబడి నంబరుగా బతికినవాడిని నలుగురూ పేరుతో పిలవడం చిన్న సంగతి కాదు.

పెద్ద ఆటలోనూ ఇదే లెక్క. 1994లో చిన్న జట్లకు ప్రపంచ కప్ అర్హత పోటీ అయిన ఐసీసీ ట్రోఫీ గెలిచి, 1996లో ప్రపంచ కప్ ఆడిన యూఏఈ జట్టుకు కెప్టెన్ సుల్తాన్ జరవానీ అక్కడివాడే, మిగతావాళ్లలో ఎక్కువమంది మన ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లు. 2022 టీ20 ప్రపంచ కప్‌లో ఆ జట్టుకు కెప్టెన్ కేరళ నుంచి వెళ్లిన ఇంజినీరు సీపీ రిజ్వాన్. అదే టోర్నీలో శ్రీలంక మీద హ్యాట్రిక్ తీసిన కార్తీక్ మెయ్యప్పన్ చెన్నైలో పుట్టాడు. ఐసీసీ నిబంధన ప్రకారం మూడేళ్లు అక్కడ నివాసముంటే దేశం జెర్సీ వేసుకోవచ్చు. సైటులో పాతికేళ్లు చేసినా కూలివాడికి ఆ దేశం పాస్‌పోర్టు రాదు, పని పోతే వీసా కూడా ఉండదు.

2022 జనవరి నుంచి యూఏఈ ప్రభుత్వ ఆఫీసులకు వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం సగం పూట పని. మా కంపెనీ కూడా వారానికి ఉన్న ఒక్క సెలవును శుక్రవారం నుంచి ఆదివారానికి జరిపింది. పక్క క్యాంపుల్లో కొన్ని శుక్రవారమే ఉంచుకున్నాయి. ఏళ్లుగా కలిసి ఆడిన జట్లు కొన్ని వారాల్లోనే చెదిరిపోయాయి. మాకు సెలవున్న రోజు పఠాన్లకు డ్యూటీ, వాళ్లకు సెలవైతే మాకు డ్యూటీ. ఆటతో పాటు మాటలూ పోయాయి. ఓవర్ల మధ్య నీళ్లు తాగుతూ వాళ్ల పిల్లల చదువులు, మా చెల్లెళ్ల పెళ్లిళ్లు చెప్పుకునేవాళ్లం. ఆ మాటలకు మళ్లీ చోటు దొరకలేదు.

దెబ్బల సంగతీ చెప్పాలి. క్యాచ్ పట్టబోయి వేలు విరిగినా సైటులో నోరు విప్పరు. ప్రొబేషన్ దాటినవాడికి చట్టం ప్రకారం మొదటి 15 రోజులు పూర్తి జీతంతో, తర్వాతి 30 రోజులు సగం జీతంతో జబ్బు సెలవు ఉంది. ఓటీ (అదనపు గంటల పనికిచ్చే డబ్బు) మాత్రం రాదు, మా దగ్గర చాలామంది ఇంటికి పంపే డబ్బు ఓటీ మీదే నడుస్తుంది. అందుకే బంతికి చుట్టిన టేపే వేలికీ చుట్టుకుని డ్యూటీ ఎక్కుతారు.

దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లు గ్రౌండ్లు అద్దెకు తీసుకుని టోర్నమెంట్లు పెట్టుకుంటున్నారు. సంతోషం. కానీ ఆ ఎంట్రీ ఫీజు క్యాంపు పిల్లగాడు కట్టలేడు, కారు లేనిదే ఆ గ్రౌండుకు చేరలేడు. అన్నలారా, ఏడాదికి ఒక్క టోర్నీ క్యాంపుల కోసం పెట్టండి. ఫీజు మీరు భరించండి, సోనాపూర్‌కు బస్సు పంపండి. తేదీ ఖాయం చేసే ముందు ఏ క్యాంపుకు ఏ రోజు సెలవో ఫోన్ చేసి కనుక్కోండి.