ఆటిజం రిపోర్టు చేతికొచ్చాక మొదటి మూడు నెలలు

రిపోర్టు సంగతి ఇంట్లో తెలిసిన రోజు నుంచే సలహాలు మొదలవుతాయి. "మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ళ తాతకీ నాలుగేళ్ళు దాటాకే వచ్చాయి" అంటారు పెద్దవాళ్ళు. ఫలానా ఊళ్ళో పసరు పోస్తారట అని పక్కింటివాళ్ళు. వాటికి జవాబులు చెప్తూ కూర్చుంటే ఉన్న ఓపిక కాస్తా అక్కడే అయిపోతుంది. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలున్న ఇంట్లో ముందు ఏం చేయాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు అన్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. థెరపీ సెంటర్లో గడిచేది ముప్పావు గంట. మిగతా రోజంతా పిల్లాడు మీ దగ్గరే ఉంటాడు. కాబట్టి మీరు నేర్చుకునేదే వాడికి ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. కింద రాసిందంతా ఆ లెక్క మీదే.

ముందు ఆ రిపోర్టును కుదురుగా చదవండి. ఏ పరీక్ష ఆధారంగా రాశారో అందులో ఉండాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇసా (ఐఎస్ఏఏ), ఆటిజం ఎంతుందో కొలవడానికి మన దేశంలోనే తయారైన పరీక్ష: 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం కాదంటారు. 70 నుంచి 106 వరకు మైల్డ్, 107 నుంచి 153 వరకు మోడరేట్, ఆపైన సివియర్. కొన్నిచోట్ల కార్స్ అనే ఇంకో పరీక్ష వాడతారు. రిపోర్టులో ఎం-చాట్ ఒక్కటే ఉంటే అది సరిపోదు. అది 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారైన 20 ప్రశ్నల జల్లెడ మాత్రమే. డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్ గానీ, పిల్లల సైకియాట్రిస్టు గానీ, క్లినికల్ సైకాలజిస్టు గానీ పిల్లాణ్ణి స్వయంగా చూసి సంతకం పెట్టిన రిపోర్టు కావాలి. "మైల్డ్" అని ఉందని ఊరట పడి ఊరుకోవద్దు, "సివియర్" అని ఉందని కుంగిపోవద్దు. మాటలు రాని మూడేళ్ళ పిల్లాడి స్కోరు వాడు పెద్దయ్యాక ఎలా ఉంటాడో చెప్పలేదు. ఇప్పుడు ఎంత సాయం అవసరమో చెప్తుంది, అంతే.

ఇక పరీక్షలు. వినికిడి పరీక్ష తప్పనిసరి. పేరు పెట్టి పిలిస్తే పలకడు గానీ చాక్లెట్ కాగితం చప్పుడుకి పరిగెత్తుకొస్తాడు కదా, చెవులు బాగానే ఉన్నాయని చాలామంది ఈ పరీక్ష వదిలేస్తారు. కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినపడని లోపం ఇంట్లో తెలియదు. దీనికి, శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందా అని చూసే బెరా పరీక్ష చేస్తారు, పిల్లాడు నిద్రలో ఉండాలి. అందుకే ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో కునుకు తీయకుండా తీసుకెళ్ళాలి. కారులో నిద్రపోయి అక్కడికెళ్ళాక లేచి కూర్చున్నాడంటే మత్తు సిరప్ ఇచ్చినా పడుకోడు, ఇంకో రోజు రావాల్సిందే. ఆ సిరప్‌కి ముందు ఎంతసేపు ఏమీ పెట్టకూడదో ఫోన్ చేసి అడిగి ఉంచుకోండి.

ఈఈజీ, ఎంఆర్ఐ అందరికీ అక్కర్లేదు. ఫిట్స్ అనుమానం ఉన్నా, వచ్చిన మాటలు పోయినా, తల చుట్టుకొలతలో తేడా ఉన్నా డాక్టరే రాస్తారు. రక్తపరీక్షల్లో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) అడగండి. తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లల్లో ఐరన్ తగ్గడం మామూలే, దానివల్ల రాత్రి నిద్ర కూడా చెడుతుంది. మట్టి, సున్నం, పెయింటు పెచ్చులు నోట్లో పెట్టుకునే పిల్లలకి సీసం పరీక్ష కూడా చేయించాలి. మేనరికం అయినా, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉన్నా, ఇంకో బిడ్డను కనాలనుకుంటున్నా జెనెటిక్స్ డాక్టర్ని ఒకసారి కలవడం మంచిది. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. క్రోమోజోమల్ మైక్రోఅర్రే, ఫ్రాజైల్ ఎక్స్ అనే రెండు పరీక్షల పేర్లు గుర్తుంచుకుంటే చాలు.

థెరపీకి వస్తే, ప్రైవేటు సెంటర్లో డబ్బు కట్టే ముందు రెండు చోట్లు చూడండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే డైక్ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాల్లో సేవలు ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ, మేధోవైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. పైన చెప్పిన ఇసా పరీక్షను తయారుచేసింది ఆ సంస్థే, అప్పట్లో దాని పేరు ఎన్ఐఎంహెచ్. దూరం వల్ల వారంవారం వెళ్ళలేకపోయినా, ఒకసారి పూర్తిగా చూపించుకుని ఇంట్లో చేయాల్సినవి నేర్చుకుని రావచ్చు.

ప్రైవేటు సెంటరైతే గోడమీద సర్టిఫికెట్లు చూసి ఆగిపోకండి. పిల్లాడితో కూర్చునే మనిషి ఎవరో అడగండి. స్పీచ్ థెరపిస్టుకీ, స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు అయితే బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చదివి ఉండాలి. తర్వాత, సెషన్ జరుగుతున్నప్పుడు మిమ్మల్ని లోపల కూర్చోనిస్తారా? "మీరుంటే ఏడుస్తాడు" అని మొదటి వారం అంటే అర్థం చేసుకోవచ్చు. నెల దాటినా తలుపు మూసే ఉంటే ఆ సెంటర్ వద్దు. లక్ష్యాలు కాగితం మీద రాసివ్వమనండి. "కమ్యూనికేషన్ మెరుగుపరచడం" లక్ష్యం కాదు. "మూడు నెలల్లో, ఎవరూ గుర్తుచేయకుండా, రోజుకు పదిసార్లు సైగతోనో బొమ్మతోనో మాటతోనో అడగాలి" అన్నది లక్ష్యం, ఎందుకంటే అయిందో లేదో మీరే లెక్కపెట్టుకోగలరు. ఏడాది ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు. రోజంతా సెషన్లు పెట్టిస్తే పిల్లాడు అలిసిపోతాడు, అలిసిన పిల్లాడు కొడతాడు, కొరుకుతాడు. అప్పుడు దానికీ ఇంకో థెరపీ అంటారు.

ఇంట్లో మొదట నేర్పాల్సింది అడగడం. రంగులు, ఏబీసీడీలు, అంకెలు కాదు. చాలామంది పిల్లలు వంద అంకెలు చెప్తారు గానీ దాహమేస్తే అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తారు. కాబట్టి వాడికి ప్రాణమైన వస్తువులు నాలుగైదు ఎంచుకోండి. తినేవి, ఆడేవి కలిపి. వాటిని కనిపించేలా, అందకుండా పెట్టాలి: మూత బిగించిన పారదర్శకమైన డబ్బా, ఎత్తు అరలో సబ్బునీళ్ళ బుడగల సీసా. ఒక జంతిక ఇస్తే ఒక్కసారే అడుగుతాడు. అదే జంతికను పది ముక్కలు చేస్తే పదిసార్లు అడిగే అవకాశం వస్తుంది. వాడు వచ్చి డబ్బా చూసినప్పుడు వాడి కళ్ళ ఎత్తుకి కూర్చోండి. ఏమీ మాట్లాడకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. చెయ్యి చాపినా, మీ వైపు చూసినా, ఏదో ఒక శబ్దం చేసినా "జంతిక" అని ఒక్క మాట అని వెంటనే ఇచ్చేయండి. ఏమీ చేయకపోతే వాడి చెయ్యి మెల్లగా పట్టి చూపించేలా చేసి, మాట అని, ఇవ్వండి. రోజులు గడిచేకొద్దీ ఆ పట్టుకోవడం తగ్గిస్తూ రావాలి: ముందు మణికట్టు, తర్వాత మోచేయి, తర్వాత వట్టి ఎదురుచూపు.

ఇది చెడేది ఎక్కడంటే, ఆశ పెరిగిన చోట. నిన్న "జం" అన్నాడని ఇవాళ పూర్తి మాట అనేదాకా డబ్బా పట్టుకుని "అను, అను" అని కూర్చుంటే ఏడుపుతో ముగుస్తుంది, ఏడిచాక ఇస్తే ఏడుపే అడిగే పద్ధతిగా నేర్చుకుంటాడు. ఇంకో పొరపాటు ప్రశ్నల వాన. "ఇదేంటి? ఇది ఏ రంగు? ఆవు ఎలా అరుస్తుంది?" అంటూ చుట్టాల ముందు పరీక్ష పెట్టడం పిల్లాడికి మాటంటే భయం పుట్టిస్తుంది. నాలుగు మాటలు వివరణగా చెప్పి ఒక్క ప్రశ్న వేయండి, చాలు.

అన్నమాటే తిరిగి అనే పిల్లల విషయంలో మనం అనే వాక్యమే వాడి వాక్యమవుతుంది. "నీళ్ళు కావాలా?" అని రోజూ అడుగుతుంటే వాడికి దాహమేసినప్పుడు కూడా "నీళ్ళు కావాలా" అనే అంటాడు. వాడు అనాల్సిన మాటను వాడి నోటి నుంచి వచ్చినట్టే మీరు అనాలి: "నీళ్ళు కావాలి" అని గ్లాసు అందించండి. "తలుపు తియ్యి", "ఇంకా", "వద్దు", "అయిపోయింది" లాంటివి ముందు నేర్పండి. "వద్దు" అనడం వచ్చిన పిల్లాడు విసిరికొట్టడం తగ్గిస్తాడు.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని హైదరాబాద్‌లోనూ, అమెరికాలోని మనవాళ్ళకీ ఇప్పటికీ కొందరు చెప్తుంటారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మమ్మ ఇంగ్లీషు మాట్లాడలేక పిల్లాడితో మాట్లాడటమే మానేస్తే పోయేది మాత్రం మాటే. మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే మాట్లాడండి.

మాట రాకపోతే బొమ్మల కార్డులు మొదలుపెట్టడానికి సంకోచించొద్దు. వాడు తాగే గ్లాసునే, వాడు తినే బిస్కెట్టునే ఫోన్‌తో ఫొటో తీసి అరచేతిలో పట్టేంత సైజులో ప్రింటు వేయించి, ల్యామినేట్ చేసి, వెనక వెల్క్రో అంటించండి. మొదట్లో ఇద్దరు కావాలి. ఒకరు ఎదురుగా వస్తువు పట్టుకుని కూర్చుంటారు, ఇంకొకరు వెనక నుంచి పిల్లాడి చేత్తో కార్డు తీయించి ఎదుటివాళ్ళకి ఇప్పిస్తారు. వెనకున్నవాళ్ళు నోరు మెదపకూడదు. కార్డులు అలవాటైతే మాట రాదన్న భయం వద్దు, అలా జరగదు.

ఫోన్ గురించి: "వర్చువల్ ఆటిజం, ఫోన్ ఆపేస్తే పోతుంది" అనే వీడియోలు తెలుగులో కోకొల్లలు. ఫోన్ తగ్గించండి, మంచిదే, ఆ గంటలు మీతో ఆడుకోవడానికి మిగులుతాయి. కానీ ఆపి ఆరు నెలలు చూద్దామని థెరపీ వాయిదా వేయొద్దు. రెండూ ఒకే రోజు మొదలుపెట్టండి. అన్నం తినేటప్పుడు ఫోన్ ఒక్కసారిగా తీసేస్తే తిండే మానేస్తాడు. ముందు శబ్దం తీసేసి, తర్వాత మధ్య ముద్దల దగ్గర, చివరికి మొదటి ముద్ద దగ్గర మానిపించాలి.

పెళ్ళిళ్ళు, మిక్సీ, కుక్కర్ విజిల్ దగ్గర గోల చేస్తుంటే అది మొండితనం అనుకోవద్దు, ఆ శబ్దం వాడిని నిజంగానే బాధపెడుతుంది. చెవులకి ఇయర్ మఫ్స్ దొరుకుతాయి. పెళ్ళికి ముందుగానే వెళ్ళి హాలు ఖాళీగా ఉండగా తిప్పి చూపించండి, తాళి కట్టేటప్పుడు గట్టిమేళానికి బయటికి తీసుకొచ్చేయండి. ఎప్పుడు గోల చేశాడు, ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు అని మూడు గడుల్లో రెండు వారాలు రాస్తే కారణం మీకే దొరుకుతుంది. ఆ కాగితం డాక్టరుకి చూపించండి. రిస్పెరిడోన్ లాంటి మందులు విపరీతమైన చికాకునీ, తనను తాను కొట్టుకోవడాన్నీ తగ్గించడానికే. మాటలు రావడానికి కాదు.

డబ్బు పోయే చోట్లు కొన్ని. స్టెమ్ సెల్ చికిత్స ఆటిజానికి సిఫారసు చేయదగ్గది కాదని నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు 2022 డిసెంబరులోనే చెప్పింది. లక్షల్లో అడుగుతారు, నడుములోనుంచి సూది వేస్తారు. ఒంట్లో లోహాలు తీస్తామనే కీలేషన్ ప్రమాదకరం. 2005లో అమెరికాలో ఒక బాబు దానివల్లే చనిపోయాడు. గోధుమ, పాలు మాన్పించే డయెట్ వల్ల ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా పెరుగన్నం ఒక్కటే తినే పిల్లాడికి పెరుగు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? టీకాల వల్లే వచ్చిందన్న మాటకి మూలమైన 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. మిగిలిన టీకాలు వేయించండి.

కాగితాల పని మూడో నెలలో చూసుకోవచ్చు, తొందరేం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ కోసం మీసేవలో గానీ, ఆంధ్రలో సచివాలయంలో గానీ వైకల్య పరీక్షకి స్లాట్ అడగండి, దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్ ఉంది. చిన్నపిల్లలకి తాత్కాలిక సర్టిఫికెటే ఇస్తారు, గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. అది చేతికొచ్చాక కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకి దరఖాస్తు చేయండి: ఏడాదికి లక్ష వరకు, థెరపీ ఖర్చు కూడా పరిమితికి లోబడి ఇస్తారు. అన్ని బిల్లుల మీదా పిల్లాడి పేరు, తేదీ, సంతకం ఉండాలి. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి (1961 చట్టంలో ఇది సెక్షన్ 80డీడీ) 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లాడి మీద ముద్ర పడుతుందని వెనకాడేవాళ్ళున్నారు. మీరు చూపిస్తే తప్ప అది ఎవరికీ కనపడదు, పదో తరగతి పరీక్షలో అదనపు సమయం అడగాలంటే మాత్రం అదే కావాలి.

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే వాళ్ళమీదా ఒక కన్ను వేయండి. అన్నకో అక్కకో ఆటిజం ఉన్నప్పుడు తర్వాతి పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి వస్తుంది. ఏడాది నిండేసరికి పేరుకి పలుకుతోందా, ఏడాదిన్నరలోపు వేలితో చూపించి మీ ముఖం వైపు చూస్తోందా గమనించండి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా తర్వాతి టీకా దాకా ఆగకుండా అదే డాక్టరుకి చూపించండి.