ఫోన్ ముందు నాకే ఎందుకొస్తుంది

ఈరోజు పెద్ద విశేషమేమీ లేదు, అయినా ఒకటే మాట పొద్దుటి నుంచి మనసులో తిరుగుతోంది, రాసుకుంటే గానీ నిద్ర పట్టేలా లేదు.

పదిన్నరకి మీటింగ్. మూడు వారాలు కూర్చుని తయారుచేసిన లెక్కలు నేనే వివరించాలి. రెండో స్లయిడ్‌లో ఉండగా స్కూల్ నుంచి ఫోన్. పాపకి ఒళ్ళు కాలిపోతోంది, వచ్చి తీసుకెళ్ళమన్నారు. లేచి వచ్చేశాను, మిగతాది పక్క సీటతను చెప్పాడు. మా మేనేజర్ "పర్లేదు, వెళ్ళండి" అని మంచిగానే అన్నారు. కానీ పోయిన నెల ఇదే టీంలో ఒకాయన బాబుకి బాగాలేదని మధ్యాహ్నమే వెళ్ళిపోతే "ఎంత శ్రద్ధో పిల్లాడంటే" అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. అదే పని నేను చేస్తే ఎవరో సర్దుకుపోవాల్సిన ఇబ్బంది అయిపోతుంది.

స్కూల్లో అడిగాను, వాళ్ళ నాన్నగారికి చేశారా అని. "ఫారంలో మీ నంబరే మొదట ఉందండీ" అన్నారు. చూస్తే అది నా చేతిరాతే. నా నంబరు ముందు రాయమని ఎవరూ చెప్పలేదు, చేయి దానంతటదే రాసేసింది.

మధ్యాహ్నమంతా ఒక చేయి పాప నుదుటి మీద, ఒక చేయి లాప్‌టాప్ మీద.

సాయంత్రం ఆయన వచ్చి "నాకు చెప్పుంటే నేను వెళ్ళేవాణ్ణి కదా" అన్నారు. నిజమే, వెళ్ళేవారు, చెప్పిన పని ఎప్పుడూ కాదనరు. కానీ ఆ చెప్పడం ఉందే, అదీ నా పనే. అత్తయ్యగారి బీపీ మాత్రలు ఎప్పుడు అయిపోతాయి, పాపకి టీకా ఎప్పుడు, బూట్లు ఇరుకైపోయాయి, ఫీజుకి చివరి తేదీ ఎప్పుడు... ఇవన్నీ నా బుర్రలోనే తిరగాలి, మీటింగ్‌లో ఉన్నా సరే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క చెప్పింది, జీతం లేని ఇంటిపని, సంరక్షణ కలిపి ప్రపంచం మొత్తం మీద సగటున ఆడవాళ్ళు రోజుకి 4 గంటల 25 నిమిషాలు చేస్తే మగవాళ్ళు చేసేది 1 గంట 23 నిమిషాలు. మరి స్లయిడ్లు చూపిస్తూ మాత్రల గురించి ఆలోచించిన నిమిషాలు ఏ గంటలో రాయాలి?

ఈ మాటే ఆయనతో అన్నాను. గొడవ పడలేదు, అలిసిపోయి ఉన్నాను, ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్కూల్ యాప్ తెరిచి తన నంబరు మొదటికి మార్చారు. "మందు మళ్ళీ ఎన్నింటికి వెయ్యాలి?" అన్నారు. నోటి దాకా వచ్చింది జవాబు, ఆపుకున్నాను. చీటీ బల్ల మీద ఉంది, చూడండి అన్నాను. చూసి, అలారం పెట్టుకున్నారు.

పదకొండు కావస్తోంది. జ్వరం కాస్త తగ్గింది. రేపు సెలవు ఆయనే పెట్టారు, మిగిలిన స్లయిడ్లు నేను చెప్పాలి.