వరంగల్లో కూర్చుని ఐరిష్ ట్యూన్‌ను చెవితో పట్టడం

ఐరిష్ సంప్రదాయ సంగీతానికి నొటేషన్ దొరుకుతుంది కానీ అందులో ఉండేది ఎముకల గూడే, ఊపు ఉండదు. బతుకమ్మ పాట కాగితం చూసి ఎవరు నేర్చుకున్నారు? ఇదీ వింటూ పట్టాల్సిందే. హన్మకొండలో, కాజీపేటలో పక్కన కూర్చుని వాయించే ఐరిష్ వాళ్లు దొరకరు కాబట్టి రికార్డింగే గురువు.

వాయిద్యం డి టిన్ విజిల్, అంటే డి శృతిలో పలికే ఆరు రంధ్రాల చిన్న ఐరిష్ పిల్లనగ్రోవి (డి, జి, సి, ఈ ఇవన్నీ పాశ్చాత్య స్వరాల పేర్లు). బాన్సురీ ఉన్నా పనవుతుంది, కాకపోతే డి బాన్సురీ కొంటే శృతి కలవదు. బాన్సురీ పేరు మూడు రంధ్రాలు మూస్తే పలికే సా మీద ఉంటుంది, విజిల్ పేరు ఆరూ మూస్తే పలికే స్వరం మీద. అందుకే డి విజిల్‌కు జోడీ జి బాన్సురీ.

మొదట ఒక జిగ్ (ఐరిష్ నాట్యపు ట్యూన్‌లలో ఒక రకం) తీసుకోండి. నడక తకిట తకిట. మూడూ సమానంగా కొడితే మాత్రం చప్పగా ఉంటుంది: 'త' కాస్త సాగాలి, 'కి' పొట్టిగా పోవాలి. ట్యూన్ సాధారణంగా 32 బార్లు (ఒక బార్ అంటే ఒక 'తకిట తకిట'). 8 బార్ల మొదటి భాగం రెండుసార్లు, ఇంకో 8 బార్ల రెండో భాగం రెండుసార్లు. ఒక్కో భాగంలోనూ మొదటి రెండు బార్లు చాలాసార్లు ఐదు, ఆరు బార్లలో మళ్లీ వస్తాయి. రెండు భాగాల ముగింపు కూడా తరచుగా ఒకటే. నిజంగా గుర్తుపెట్టుకోవాల్సింది చూస్తే సగం కూడా ఉండదు.

విజిల్ ముట్టుకోకుండా ముందు కూనిరాగం తీయండి. నోటికి రానిది వేళ్లకు రాదు. తర్వాత ట్యూన్ ఆగే చివరి స్వరాన్ని విజిల్ మీద వెతకండి, సాధారణంగా అదే ఆధార షడ్జం. డి మీద ఆగి శంకరాభరణంలా వినిపిస్తే వేళ్లు వరుసగా ఎత్తితే సరిపోతుంది. జి మీద ఆగితే సి నేచురల్ (వేళ్లు వరుసగా ఎత్తితే వచ్చే సి షార్ప్ కంటే అర స్వరం కింద ఉండే సి) కావాలి: పై రంధ్రం తెరిచి, దాని కింది రెండూ మూసి, మిగతా మూడూ తెరవాలి. ఇక రికార్డింగ్‌ను రెండేసి బార్లు, 0.75 వేగంలో వింటూ పట్టండి. 0.5కు దించితే ఊపు చచ్చిపోతుంది, దాన్ని వేళ్లు ఎక్కడ తడబడుతున్నాయో చూసుకోవడానికే వాడండి.

కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు జాగ్రత్త, గమకం తనంతట తాను దూరిపోతుంది. ఇక్కడి అలంకారం 'కట్': 'ఈ' (E) స్వరం వరుసగా రెండుసార్లు వస్తే, రెండోదాని మొదట్లో ఎడమ ఉంగరపు వేలు చటుక్కున ఎత్తి దించాలి. అదనపు స్వరంగా వినిపించిందంటే నెమ్మదిగా ఎత్తినట్టే. ఊపిరి కోసం తాళం ఆపొద్దు, ఒక స్వరాన్ని మింగేయండి.

మే నెలలో విజిల్ శృతి రికార్డింగ్ కంటే పైకి పోతుంది, గాలి వేడెక్కితే అంతే. విజిల్ మూతిని (నోట్లో పెట్టుకుని ఊదే ముక్కను) కాస్త బయటికి లాగాలి. జిగురుతో బిగించిన ప్లాస్టిక్ మూతైతే అరనిమిషం వేడినీళ్లలో ఉంచి తిప్పితే వదులవుతుంది. డిసెంబర్ పొద్దున విజిల్ గొంతు పూడుకుపోయినట్టు పలికితే లోపల తడి చేరిందన్నమాట, విజిల్ కిటికీ (మూతి మీద గాలి బయటికొచ్చే చీలిక) మీద వేలు పెట్టి గట్టిగా ఊదేయండి.